పక్క మగ్గం కింది ఎలుక

ఇంట్లో ఎలుక చేరిందని చెప్పింది కుళ్ళాయమ్మ ఒక్కతే. ఇంకెవరికీ అది కనబడలేదు.

ధర్మవరంలో పట్టు నేసే ఇంట్లో ఎలుక చిన్న విషయం కాదు. పడుగుకు పట్టించిన గంజి వాసనకు వస్తుంది. ఒక్క పూట చాలు, మూడు చీరల పడుగును పీచు చేసి పోతుంది. అందుకని ఆమె భర్త వెంకటేశులు ఇనుప బోను ఒకటి తెచ్చి, వడ ముక్క గుచ్చి, తోడికోడలు సుచిత్ర మగ్గం కింద పెట్టాడు. మూడు రోజులకు వడ ముక్క ఎండింది. ఎలుక పడలేదు.

“యాడ చూసినావు నువ్వు దాన్ని?” అన్నాడు వెంకటేశులు.

“ఆ పిల్ల మగ్గం మీద. ఆయమ్మి ఒడికాడ మొదలుపెట్టి అవతలికి పాకతాది. తల తిప్పితే ఉండదు.”

“తల తిప్పకముందే ఎలుకని ఎట్ల తెలిసె?”

“పాకేది ఎలుక గాక మీ పెదనాయనా?”

వెంకటేశులు కొత్త వడ ముక్క గుచ్చాడు.

కుళ్ళాయమ్మ పుట్టింది తాడిమర్రిలో. తండ్రి నూలు పంచెలు నేసేవాడు. గూగూడు కుళ్ళాయప్పకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు పెట్టారు. పదహారేళ్ళకు ధర్మవరం కోడలై వచ్చింది. మూడో నెలలో అత్త అంజినమ్మ ఆమెను మగ్గం గుంతలో కూర్చోబెట్టి ఒకే మాట చెప్పింది. “చెయ్యి ఆడనీ, కాలు ఆడనీ. కన్ను మాత్రం మేకు కొట్టినట్ల నిలబడాల.”

అది ఆమె నేర్చుకుంది. ముప్పై నాలుగేళ్ళు అదే చేసింది. వేల పోగుల్లో ఒక్కటి తెగితే, మగ్గం ముందు నిలబడి, రెప్ప కొట్టకుండా చూసి, ఇదిగో అని వేలు పెట్టేది. వీధిలో ఎవరి పడుగులో పోగు పోయినా పిలుపు వచ్చేది. “కుళ్ళాయమ్మను పిల్చండప్పా, ఆయమ్మ కన్నుకు దొరుకుతాది” అనేవారు. ఆమె చేయి తుడుచుకుంటూ పోయేది. తిరిగి వచ్చేటప్పుడు కొంచెం నెమ్మదిగా నడిచేది.

అత్త పోయేముందు ఆమెకు రుద్రాక్ష అంచు ఇచ్చింది. ఇచ్చింది అంటే, ఇకమీదట ఈ ఇంట్లో ఆ అంచు నేసేది నువ్వే అని చెప్పింది. దాని లెక్క కాగితం మీద లేదు. అత్త తలలో ఉండేది, తర్వాత కోడలి తలలోకి వచ్చింది.

సుచిత్ర వచ్చి పన్నెండేళ్ళయింది. మరిది రమణ భార్య. హిందూపురం పిల్ల. వాళ్ళ నాయన చింతపండు మండీలో తూకం చూసేవాడు. నేత తెలియదు. కాలు ఎక్కడ పెట్టాలో, తెగిన పోగు ఎట్లా ముడెయ్యాలో కుళ్ళాయమ్మే నేర్పింది. ఇప్పటికీ ఆ పిల్ల పోగులు లెక్కపెట్టేటప్పుడు ఒందు, ఎరడు, మూరు అని కన్నడంలోనే గొణుక్కుంటుంది. ఒకే పడసాలలో రెండు మగ్గాలు. కుళ్ళాయమ్మ గుంతలో కూర్చుంటే ఎడమ చేతి వైపున సుచిత్ర మగ్గం.

ఈ ఏడు కొత్త పడుగు ఎక్కించే ముందు సుచిత్ర ఒక అంచు ఆలోచించింది. మిగిలిపోయిన పట్టు ముక్కలు పాత క్యాలెండరు వెనక అంటించి, పీకి, మళ్ళీ అంటించి, నెల రోజులు చూసుకుంది. చివరికి నాలుగు పట్టీలు నిలిచాయి. నలుపు, నీలం, తెలుపు, పసుపు. ఒక్కోటి వేలెడు మందం కూడా ఉండదు. మళ్ళీ నలుపు, నీలం, తెలుపు, పసుపు. అట్లా చీర పొడుగునా. పువ్వు లేదు, నెమలి లేదు, అంచులో జరీ కూడా లేదు.

ఆ అంచు కదులుతుంది.

కదులుతుందని అందరూ అన్నారు. రమణ అన్నాడు. బళ్ళోకి పోయే పిల్లలు అన్నారు. పాల ప్యాకెట్లు వేసేవాడు కూడా వాకిట్లోంచి చూసి, బండి ఆపి, ఏందిదక్కా పారతాండాది అన్నాడు. ఫోన్లో ఫోటో తీసినా ఆ ఫోటో పారుతుందట. కుళ్ళాయమ్మ ఆ ఫోన్ తీసుకుని చూసింది. మేకు కొట్టినట్లు చూసింది. నాలుగు రంగుల పట్టీలు. గోడకు పూసిన సున్నంలాగా కదలకుండా ఉన్నాయి.

ఇంటికి పట్టు ఇచ్చి చీరలు తీసుకుపోయే కేశవ ఆ ఫోటోను బెంగళూరు అంగడివాళ్ళకు పంపాడు. వాళ్ళు ఆసక్తి చూపారు. ఆయన వచ్చి గడప మీద కూర్చుని చెప్పాడు. “పై శుక్రవారం వస్తా. చీర చూసి మాట చెప్తా. నచ్చితే రెండు మగ్గాల మీదా ఇదే అంచు ఎయ్యాల. ఒక మగ్గమైతే వాళ్ళకు చాలదంట.”

“నా రుద్రాక్ష?” అంది కుళ్ళాయమ్మ.

“అది మొదట్లో అయితే అడిగేవాళ్ళమ్మా.”

ఆయన అంత మెత్తగా చెప్పకపోయి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి ఆమె కొన్ని గమనించింది. ఇంటికి వచ్చినవాళ్ళు ముందు ఏ మగ్గం దగ్గరికి పోతున్నారో చూసింది. ఏడుగురు వస్తే ఏడుగురూ ఎడమకే పోయారు. సాయంత్రం బల్బులు ఆర్పే పని ఆమెది. సుచిత్ర మగ్గం మీది బల్బు ముందు ఆర్పేది. తన మగ్గం మీదిది కాసేపు వెలగనిచ్చేది. సుచిత్ర ఒక్కోసారి చీకట్లో చివరి పోగు తడుముకుంటూ “అయిపోయె అక్కా, ఒక్క నిమిషం” అనేది. కుళ్ళాయమ్మ వినబడనట్లు ఉండేది. ఇది అసూయ అని ఆమె అనుకోలేదు. కంట్లో ఏదో పడింది అనుకుంది.

కండెలు చుట్టడానికి వచ్చే నాగక్క ఒక మధ్యాహ్నం సుచిత్ర మగ్గం దగ్గర నిలబడి, “చీమలు పోతాండాయి చూడు, బారులు బారులు” అంది.

“నాకూ కనపడతాండాయి” అంది కుళ్ళాయమ్మ. ఎందుకన్నదో ఆమెకే తెలియదు.

“యా పక్కకు పోతాండాయి?”

కుళ్ళాయమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. “ఒళ్ళోకి వస్తాండాయి.”

నాగక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. “అవతలికి కదక్కా పోతాండేది. నీ చీమలు ఇంటికి తిరిగొస్తాండాయే?”

సుచిత్ర నవ్వలేదు. నవ్వి ఉంటే కుళ్ళాయమ్మకు ఇంత కోపం వచ్చేది కాదు.

అప్పుడామెకు ఒక ఆలోచన వచ్చింది. వీళ్ళంతా అబద్ధం చెబుతున్నారు. కేశవకు నచ్చిందని రమణ అంటున్నాడు, రమణ అన్నాడని పిల్లలు అంటున్నారు, పిల్లలు అన్నారని నాగక్క అంటోంది. వీధిలో అందరికంటే మంచి కన్ను తనది. తనకు కనబడలేదంటే అది లేనట్లే. ఈ ఆలోచనతో రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు రెండో ఆలోచన వచ్చింది. ఒకవేళ కన్నే పోతుంటే?

ధర్మవరంలో కంటి డాక్టరు దగ్గరికి పోతే సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. కుళ్ళాయమ్మ కన్ను పోయిందంట అంటారు. ఆమె పెనుకొండలో ఉన్న చెల్లెలిని చూసి వస్తానని చెప్పి హిందూపురానికి టికెట్ తీసుకుంది.

పెనుకొండలో ప్యాసింజరు ఆగింది. పక్క లైను మీద గూడ్సు బండి ఉంది. కాసేపటికి కుళ్ళాయమ్మ కూర్చున్న బండి వెనక్కి కదిలింది. కొంచెం కొంచెంగా, తర్వాత వేగంగా, ధర్మవరం వైపు. ఆమె లేచి కిటికీ ఊచ పట్టుకుంది.

“ఏమప్పా, ఎనక్కి పోతాండాదే?”

ఎదురుగా శనక్కాయలు ఒలుస్తున్న ముసలాయన తల ఎత్తలేదు. “మనం యాడికీ పోలేదమ్మా. పోతాండేది అది.”

గూడ్సు చివరి పెట్టె దాటిపోయింది. దాని వెనక పెనుకొండ అని రాసిన పసుపు బోర్డు, ఉన్నచోటే ఉంది. కుళ్ళాయమ్మ కూర్చుంది. కిటికీ ఊచ మీది చేయి మాత్రం బండి కదిలేదాకా తీయలేదు.

హిందూపురంలో డాక్టరమ్మ వయసులో చిన్నది. అక్షరాలు చదివించింది, దీపం వేసి చూసింది. దగ్గరి చూపుకు అద్దాలు మార్చమంది, అంతకుమించి ఏమీ లేదంది. తర్వాత తన ముక్కు మీదే చూపు నిలపమని, చేతులు రెండూ పక్కలకు చాపింది.

“ఎన్ని వేళ్ళు?”

“తెలియదు.”

“ఇప్పుడు?”

“ఎడమ పక్క ఏదో కదిలె.”

“ఎన్ని వేళ్ళో తెలియదు, కదిలిందని తెలిసింది. అంతేనా?”

“అంతే.”

“బాగుంది. మీ కళ్ళకేం కాలేదమ్మా. కంటి నడిమి భాగం ఏమిటీ అని చూస్తుంది. పక్క భాగానికి ఏమిటో సరిగ్గా తెలియదు, కదిలితే మాత్రం చెబుతుంది. పామైనా, ఆకైనా దానికి ఒకటే. కదిలింది, చూడు అంటుంది.”

కుళ్ళాయమ్మ తను వచ్చిన పని చుట్టూ తిరిగి అడిగింది. “కదలనిది కదిలినట్ల కనపడితే రోగమా డాక్టరమ్మా?”

“సినిమా చూస్తారు కదా? తెర మీద ఏదీ కదలదు. నిలబడిన బొమ్మలే ఒకటి తర్వాత ఒకటి వస్తాయి. కదలిక తయారుచేసేది మన తలే. రోగం కాదు, దాని పని అది.”

“నాకు కదలడం లేదు.”

“ఏది?”

“ఏమీల్యా” అంది కుళ్ళాయమ్మ, కొంగు సర్దుకుంటూ. “నా చూపు నిలిచే చూపు.”

డాక్టరమ్మ చీటీ రాస్తూ నవ్వింది. “ఎవరి కన్నూ నిలవదమ్మా. నిలిపినా లోపల అదురుతూనే ఉంటుంది.”

ఆ మాట ఆమెకు నచ్చలేదు. అద్దాల చీటీ సంచిలో అడుగున పెట్టింది.

మంగళవారం సుచిత్ర పుట్టింటికి పోవలసి వచ్చింది. అన్న బిడ్డకు పేరు పెడుతున్నారు, మూడు రోజులు. పోయేముందు కుళ్ళాయమ్మ దగ్గరికి వచ్చి నాలుగు చిన్న నాడెలు చేతిలో పెట్టింది. పేక పోగు వేసే నాడెలు, ఒక్కోదానిలో ఒక్కో రంగు.

“శుక్రవారం కేశవన్న వస్తాడు. మగ్గం ఊరికే ఉంటే బాగుండదు. నువ్వు ఒక మూర వెయ్యక్కా. నీ చెయ్యి పడితే నాకు ధైర్యం.”

“నీ మొగుడు లేడా?”

“ఆయనకు అంచు నిలవదు. వరస మాత్రం తప్పకూడదు. నలుపు, నీలం, తెలుపు, పసుపు. ఎందుకో నాకూ తెలియదు గానీ, ఇంకో వరసలో పెట్టి చూడలేదు నేను. ఇట్ల పెడితే పారతాది, అంతవరకే తెలుసు.”

నాడెలు ఇచ్చి పోయింది. ఆ పిల్లకు తనమీద ఇంత నమ్మకం ఉండడం కుళ్ళాయమ్మకు భరించరానిదిగా తోచింది.

గురువారం పొద్దున ఆమె సుచిత్ర గుంతలో దిగింది. కాళ్ళతో తొక్కే మెట్లు ఆ పిల్ల పాదాలకు అరిగి నున్నగా ఉన్నాయి. నలుపు వేసింది. తర్వాత నీలం నాడె తీసింది. తీసి పక్కన పెట్టింది. పసుపు తీసింది.

నలుపు, పసుపు, తెలుపు, నీలం.

ఎవరూ లేరు. వెంకటేశులు, రమణ అంగడికి పోయారు, పిల్లలు బళ్ళో ఉన్నారు. ఆమె మూర పొడుగు నేసింది. ఎక్కడా వరస తప్పలేదు, అంటే తన వరస తప్పలేదు. అంచు తీరుగా వచ్చింది. ఆమె చేతిలో అంచు తీరుగా రాక ఎట్లా వస్తుంది? నేసిన బట్ట దుంగకు చుట్టుకుంది. సుచిత్ర నేసినది లోపలికి పోయింది, తను నేసినది పైకి వచ్చింది. ఇక పారనీ చూద్దాం అనుకుంది. ఆ రాత్రి ఆమె బాగా నిద్రపోయింది.

శుక్రవారం పొద్దున తన మగ్గంలో కూర్చుంది. రుద్రాక్ష అంచు. నాడె ఎడమకు పోయింది, కుడికి వచ్చింది. కన్ను మేకు కొట్టినట్లు ఉంది అనుకుంటూనే ఉంది. కానీ నాడెతో పాటు అది కూడా కొంచెం ఎడమకు ఎగిరి, కుడికి ఎగిరి, మళ్ళీ నడిమికి వస్తోంది.

ఎలుక పాకింది.

ఎడమ వైపున, కంటి కొసలో. కానీ ఈసారి అవతలికి పోలేదు. అవతలి నుంచి బయలుదేరి ఒడి వైపుకు వచ్చింది.

కుళ్ళాయమ్మ నాడె ఆపింది. తల తిప్పబోయి, తిప్పలేదు. నెల రోజులుగా ఆ ఎలుక ఒకే దిక్కుకు పాకింది. ఒడి నుంచి అవతలికి. ఒక్కసారి కూడా తిరిగి రాలేదు. ఇన్ని సార్లు పోయిన ఎలుక తిరిగి రాకుండా ఎట్లా పోయింది అని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు వస్తోంది. వస్తూనే ఉంది.

ఆమె తల తిప్పింది. ఖాళీ గుంత. దుంగ మీద ఆమె నేసిన మూరెడు అంచు. నలుపు, పసుపు, తెలుపు, నీలం. కదలకుండా ఉంది.

తన రుద్రాక్ష వైపు తిరిగింది. నాడె వేసింది. ఎలుక ఒడి వైపుకు పాకింది.

ఆమె నాడె పక్కన పెట్టింది. ఇంట్లో అందరికంటే ముందు ఆ అంచు కదలడం చూసింది తనే. రమణ కంటే ముందు, పిల్లల కంటే ముందు. చూసి, ఎలుక అనుకుని బోను పెట్టించింది.

అబద్ధం ఎవరూ చెప్పలేదు. ఆ పిల్ల నిజంగానే చేసింది. మండీలో తూకం చూసేవాడి కూతురు, తను కాలు పెట్టడం నేర్పిన పిల్ల, పాత క్యాలెండరు మీద ముక్కలు అంటించి చేసింది. ఇంతకాలం ఉన్నది ఉత్త కోపం. ఇప్పుడు, నిజమని తెలిశాక, అసూయ సరిగ్గా మండింది.

కేశవ పదకొండు గంటలకు వచ్చాడు. చెప్పులు విడిచి, సుచిత్ర మగ్గం ముందు వంగి, కళ్ళజోడు పెట్టి చూశాడు, తీసి చూశాడు. వెంకటేశులు మజ్జిగ తెచ్చాడు. ఆయన దాన్ని తాగి, గ్లాసు కింద పెట్టి, గొంతు తగ్గించాడు.

“కుళ్ళాయమ్మా, ఒక మాట. అందరూ పారతాండాది అంటారు. నేనూ అవునవును అంటిని. నిజం చెప్పాలంటే నాకేం కనపడల్యా. వయసు మీద పడినోళ్ళకు కనపడదేమో తెలీదు. నీకూ కనపడల్యా అని నాగక్క చెప్పె.”

కుళ్ళాయమ్మ తన గుంతలోనే కూర్చుని నాడె మీద చెయ్యి ఉంచింది.

“ఈ వీధిలో కన్నంటే నీదే. పట్టు పెట్టేది నేను. నువ్వు పారల్యా అంటే ఈ చీరతో వదిలేస్తా. ఎవరి అంచు వాళ్ళు ఏసుకోండి. చెప్పు.”

వెంకటేశులు భార్య వైపు చూశాడు. ఒక్క మాట. ఆ మాట నిన్నటి వరకు నిజం. నిన్న అడిగి ఉంటే సంతోషంగా చెప్పేది. పొద్దున గుంతలో దిగకముందు అడిగినా చెప్పేది. రుద్రాక్షలు పడుగు మీద నల్లగా, గుండ్రంగా, ఉన్నచోటే ఉన్నాయి.

ముప్పై నాలుగేళ్ళలో ఆమె తెగని పోగును తెగింది అనలేదు. తెగిన పోగును తెగలేదు అనలేదు.

“అట్ల చూస్తే కనపడదు కేశవన్నా” అంది. గుంతలోంచి లేచి పక్కకు జరిగింది. “నా గుంతలో కూర్చో.”

“నేనా?”

“కూర్చో. నా రుద్రాక్షను చూడు. ఎడమ పక్కకు తల తిప్పద్దు. ఈ నాడె అటూ ఇటూ ఏస్తా, దాన్ని చూడు.”

అరవై దాటిన కేశవ పంచె ఎగగట్టి గుంతలోకి కాళ్ళు దించాడు. మోకాలు పట్టుకుని మూలిగాడు. ఆమె నాడె వేసింది. ఎడమకు. కుడికి. ఎడమకు.

ఆయన భుజం ఉలిక్కిపడింది. “ఏందిమ్మా అది? ఎలుకా?”

వెంకటేశులు మజ్జిగ గ్లాసు తీయబోయినవాడు అట్లాగే నిలబడిపోయాడు.

“ఎలుకే” అంది కుళ్ళాయమ్మ.

“వస్తాండాది ఇట్ల. ఒళ్ళోకి.” ఆయన ఎడమకు తిరిగాడు, మళ్ళీ నడిమికి తిరిగాడు. “నిలబడె. మళ్ళా వస్తాండాది. అయితే అవతలికి పోతాది అంటిరే అందరూ?”

ఇక్కడ కూడా ఆమె ఊరుకోవచ్చు. ఆయన అంతకంటే అడగడు.

“ఆ పిల్ల నేసింది అవతలికే పోతాది. ఈ మూర నేను నేస్తి. వరస మార్చినా.”

“యాల?”

“పారకూడదని.”

కేశవ ఆమె ముఖంలోకి చూశాడు. వెంకటేశులు గోడ వైపు చూశాడు. కేశవ గుంతలోంచి లేచి, పంచె దించుకుని, చాలాసేపు దులుపుకున్నాడు. “సరే” అన్నాడు చివరికి. “రెండు మగ్గాలూ. సుచిత్రకు చెప్పండి. నీ మగ్గం మీదుండే చీర అయిపోనీ కుళ్ళాయమ్మా, తొందరేం లేదు.”

సాయంత్రం బండికి సుచిత్ర వచ్చింది. సంచి దించకముందే మగ్గం దగ్గరికి పోయింది. ఒకసారి చూసింది. వేళ్ళతో పట్టీలు తాకింది, గొణుక్కుంది. ఒందు, ఎరడు, మూరు, నాల్కు.

“వరస మార్చినావక్కా.”

“మార్చినా.”

“ఎందుకు?”

“చెడగొడదామని.”

సుచిత్ర పక్క గోడ వైపు చూపు పెట్టింది, అంచు కంటి కొసకు వచ్చేటట్లు. ఆ పిల్లకు అట్లా చూడడం ఎప్పటినుంచో తెలుసని కుళ్ళాయమ్మకు అప్పుడు అర్థమైంది. ఆ పిల్ల పెదవులు కొంచెం తెరుచుకున్నాయి.

“తిరిగొస్తాండాది” అంది. “అక్కా, ఇది నాకు తట్టనేల్యా.”

సుచిత్ర గొంతులో ఉన్నది కోపం కాదు. ఇంకొకరి చేతిలో ఉన్నది తన చేతిలో ఎందుకు లేదని వెతుక్కునే గొంతు అది. కుళ్ళాయమ్మ దాన్ని వెంటనే గుర్తుపట్టింది. నెల రోజులుగా ఆమె దానితోనే తింటోంది, దానితోనే పడుకుంటోంది.

“చెయ్యి కడుక్కో పో. అన్నం తిందువు” అంది.

దీపాలు ఆర్పే వేళ కుళ్ళాయమ్మ తన మగ్గం మీది బల్బు ముందు ఆర్పింది. సుచిత్ర ఇంకా ఆ మూరెడు ముందే కూర్చుని ఉంది. వెంకటేశులు వంగి మగ్గం కింది నుంచి బోను బయటికి లాగాడు. వడ ముక్క రాయిలాగా ఉంది.

“ఇంక తీసేద్దునా?”

“ఉండనీ” అంది కుళ్ళాయమ్మ. “పై వారం నా మగ్గం కింద గూడా పెట్టాల్సొస్తాది.”